గేటు కాడి కన్ను

తాళం రమ టికెట్ల సంచిలోనే ఉంది. కొత్త ఇత్తడి తాళం, దుకాణంలో రాసిన నూనె వాసన ఇంకా పోలేదు. తెల్లవారుతుండగా గేటు బయట నిలబడి దాన్ని చేతిలోకి తీసుకుంది. ఆకాశం తడిసిన బొంతలా ఊరి మీదికి వంగి ఉంది. లోపల వరండాలో అత్త గౌరవ్వ గోడకు ఆనుకుని కూర్చుని, ఎటో చూస్తూ, తనలో తాను నవ్వుకుంటోంది.

"తాళమెయ్యి రమా. ఇగ వేరే మాట లేదు," అని రాత్రి ఫోన్లో భూపాల్ అన్నాడు. భూపాల్ ఆమె భర్త. మస్కట్‌లో ఒక గోదాము దగ్గర కాపలా ఉద్యోగం. "ఆ బెల్లు మీద నమ్మకం పెట్టుకొని అమ్మను ఇడిసిపెడితే, వానల ఎటన్న పోతే ఏం జేస్తవ్?"

రమ గేటు గొళ్లెం మాత్రం పెట్టింది. తాళాన్ని మళ్లీ సంచిలో పడేసింది. గేటు స్తంభానికి ఉన్న కెమెరా డోర్‌బెల్ వైపు ఒకసారి చూసింది. దాని గాజు లోపల ఆవిరి పట్టి, అద్దం మీద ఎవరో ఊపిరి వదిలినట్టు మసకగా ఉంది. నీకే అప్పజెప్తున్న అని మనసులో అనుకుని బస్టాండు వైపు నడిచింది.

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి. మొదటి బస్సులో ఎక్కితే పొద్దు వాలే దాకా రమ బతుకంతా ఆ రోడ్డు మీదే. తాడ్వాయి, లింగంపేట, దారి పొడవునా వరి మళ్లు. కండక్టరు కొలువు వచ్చిన కొత్తలో ఆమెకు ఆ పచ్చదనం కిటికీలోంచి లోపలికి వచ్చి కూర్చున్నట్టు ఉండేది. ఇల్లు కట్టుకున్నది ఆ జీతంతోనే, భూపాల్ పంపిన దానితోనే. ఇల్లు పూర్తయిన ఏడాదికే గౌరవ్వకు మరపు మొదలైంది. మొదట అన్నం తిన్న సంగతి మరిచింది. తర్వాత ఏ ఊళ్లో ఉందో మరిచింది. భూపాల్‌కు మీసాలు వచ్చిన సంగతి కూడా మరిచి, "పిల్లగాడు ఇంక బడికెళ్లి రాలే," అని గేటు దాటి వెళ్లి, నాగిరెడ్డిపేట బస్సెక్కి కూర్చుంది. ఆ బస్సు కండక్టరు రమను ఎరిగినవాడు కాబట్టి సరిపోయింది.

ఆ తర్వాత ఒక్కసారి తాళం వేశారు. సాయంత్రం రమ వచ్చేసరికి గౌరవ్వ గేటు ఇనుప చువ్వలు పట్టుకుని వేలాడుతూ ఉంది. అరచేతులు కమిలిపోయాయి. "నేనేం దొంగతనం జేసిన బిడ్డా?" అని అడిగింది. అప్పుడే సెలవులో వచ్చిన భూపాల్ ఈ బెల్లు తెచ్చాడు. కామారెడ్డిలో కెమెరాలు బిగించే దేవరాజ్ వచ్చి, గేటు స్తంభానికి బయటివైపు పెట్టి వెళ్లాడు. ఎవరు గేటు దాటినా రమ ఫోను మోగుతుంది, బొమ్మ కనిపిస్తుంది. ఫోన్లో మాట్లాడితే ఆ మాట గేటు దగ్గర వినిపిస్తుంది. మొదట్లో గౌరవ్వ బయటికొస్తే "అత్తమ్మా, లోపలికి పో, నేనొస్తున్న," అంటే చాలు, ఆమె తల ఊపి తిరిగి వెళ్లిపోయేది. వినకపోతే ఎదురింటి నర్సవ్వ ఉంది.

బిగించిన రోజున రమ అత్తను స్తంభం ముందు నిలబెట్టి చెప్పింది. "అత్తమ్మా, గిది నా కన్ను అనుకో. నేను బస్సుల ఉన్నా నిన్ను సూస్తనే ఉంట."

గౌరవ్వ ఆ నల్లటి గుండ్రటి గాజును చాలాసేపు చూసింది. "రెప్ప లేదేందే దీనికి? వాన కొడితే ఎట్ల మూసుకుంటది?"

అందరూ నవ్వారు. నవ్వాల్సిన మాట కాదని తొలకరి పడ్డాక గాని రమకు తెలియలేదు.

ఎండాకాలంలో అది ఎండకు కాలి మధ్యాహ్నాలు మొరాయించేది. అట్టముక్క నీడ పెడితే గాలి ఎత్తుకుపోయింది. తొలి వానకు గాజు లోపల నీటి చుక్కలు పుట్టాయి. రమ దాన్ని ఊడదీసి బియ్యం డబ్బాలో దాచింది. "బియ్యంల పెట్టినవు, వండమంటవా ఏంది?" అని గౌరవ్వ డబ్బా తెరిచి అడిగింది. ఆరాక మళ్లీ బిగించింది. దేవరాజ్ ఫోన్లో చెప్పాడు: "పైన, రెండు పక్కల సిలికాన్ గమ్ము పెట్టక్కా. కింద మాత్రం ఇడిసిపెట్టు. లోపలికి పోయిన నీళ్లు దిగాలె గదా."

రమ పైన పెట్టింది, పక్కల పెట్టింది. కింద చూస్తే ఎర్రచీమలు వరసగా ఆ సందులోకి పోతున్నాయి. నీళ్లకు దారి వదిలితే చీమలు కాపురం పెడతాయి. ఇంటి పైకప్పు కారితే సగం పూడ్చి సగం వదులుతామా అనుకుంది. కింద కూడా వేలితో గమ్ము అదిమి, నున్నగా దిద్ది, చిన్న సందు కూడా లేకుండా మూసేసింది.

అయినా బొమ్మ రోజురోజుకూ మసకబారింది. పైగా పసుపుపచ్చగా మారింది. రోడ్డు, ఎదురిల్లు, నర్సవ్వ మేక అన్నీ పాత ఫోటోలోవిలా కనిపించేవి. ఎండకు ప్లాస్టిక్కు రంగు మారిందేమో అనుకుంది రమ.

తాళం వెయ్యకుండా వచ్చిన ఆ పొద్దు, కామారెడ్డి నుంచి తిరుగు ప్రయాణంలో వాన పట్టుకుంది. తాడ్వాయి చేరేసరికి కిటికీల బయట పొలాలు లేవు, ఊళ్లు లేవు. ఎవరో ఆకాశాన్ని నిలువునా చింపి వేలాడదీసినట్టు తెల్లటి నీటి తెర. బస్సు నిండా తడిసిన గొడుగుల వాసన. రమ ఆధార్ కార్డులు చూస్తూ ఆడవాళ్లకు ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు కొడుతుండగా సంచిలో ఫోను టింగుమంది.

గేటు దగ్గర ఎవరో ఉన్నారు.

ఫోను తెరిచింది. పసుపు మసకలో ఒక నల్లటి ఆకారం ఊగింది. చీర కొంగు లాంటిదేదో ఎగిరింది. ఆకారం దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చింది. తర్వాత బొమ్మంతా నల్లబడింది.

"అత్తమ్మా!" రమ ఫోను నోటి దగ్గర పెట్టుకుని అరిచింది. "అత్తమ్మా, లోపలికి పో! అత్తమ్మా, ఇనిపిస్తుందా?"

అటునుంచి నీళ్లలో మునిగిన గొంతులాంటి గరగర తప్ప ఏమీ రాలేదు.

"కండక్టరమ్మ ఫోన్ల మునిగింది, టికెట్టు ముచ్చట మరిచింది," అని వెనక సీటులో ఒకాయన వెక్కిరించాడు. రమ మొహం చూశాక మాట మింగేశాడు.

నర్సవ్వకు ఫోన్ చేసింది. మోగింది, ఆగింది. మళ్లీ చేసింది. చివరికి ఎత్తింది. గాలి, వాన, ఆడవాళ్ల కేకలు.

"నర్సవ్వా, ఇంట్ల ఉన్నవా?"

"ఏడ ఇల్లు బిడ్డా! నాట్లకచ్చిన. మడి గట్టు తెగి అందరం మట్టి పోస్తున్నం. ఏమైంది?"

"అత్తమ్మ బయటికొచ్చినట్టుంది."

"అయ్యో! తాళమెయ్యలేదా?"

రమ ఫోను దించేసింది. సంచిలో తాళం ఆమె తొడకు తగులుతూ ఉంది. బస్సు కుదుపుకు అది కదిలిన ప్రతిసారీ ఎవరో లోపలి నుంచి పొడిచినట్టు అనిపించింది.

డ్రైవర్ రాజ్‌కుమార్ అద్దంలో చూశాడు. పెద్దవాడు, మాట తక్కువ. అద్దానికి చిన్న కొయ్య సిలువ వేలాడుతుంది. "ఏమైంది చెల్లె?"

"మా అత్తమ్మ, అన్నా. కెమెరా బందయింది. గేటు దాటినట్టుంది."

ఆయన గేరు మార్చాడు. ఆ వానలో ఎంత వేగం పోవచ్చో అంత వేగం పోయాడు.

లింగంపేట దాటాక బస్సు ఆగింది. ముందు లారీలు, ఆటోలు ఆగి ఉన్నాయి. వాగు కల్వర్టు మీదికి ఎక్కింది. రోడ్డుకు అడ్డంగా ఎర్రటి నీళ్లు ఉరుకుతున్నాయి. కంప కొట్టుకుపోతోంది, ఎవరి చేనులోదో ఒక ప్లాస్టిక్ డ్రమ్ము బొంగరంలా తిరుగుతూ పోతోంది. టోపీ మీద కవరు తొడుక్కున్న కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు.

ఫోను మోగింది. భూపాల్. ఆ బెల్లు అతని ఫోనుకు కూడా కలిపి ఉంది.

"కెమెరా నల్లగైంది రమా. అమ్మ ఏడుంది?"

"తెల్వది."

"తాళం?"

"వెయ్యలే."

"చెప్పిన గదా నీకు," అన్నాడు భూపాల్. గొంతులో కోపం లేదు, భయమే ఉంది. కోపమైతే బాగుండునని రమకు అనిపించింది. తిరిగి ఒక మాట అనేది.

ఆమె ఫుట్‌బోర్డు మీదికి వచ్చింది. కల్వర్టు అవతల రోడ్డు కనిపిస్తోంది. పొడవైనదేమీ కాదు. నీళ్లు మోకాళ్ల దాకా ఉంటాయేమో, ఎక్కువైతే తొడల దాకా. అవతల ఏదో ఒక బండి దొరుకుతుంది. ఒక కాలు కిందికి పెట్టింది.

వెనక నుంచి ఒక చెయ్యి ఆమె మణికట్టును పట్టుకుంది. ఎంకవ్వ. వారానికోసారి కూరగాయల గంపతో ఈ బస్సెక్కే ముసలామె. పట్టు మాత్రం కొడవలి పట్టే చేతిది.

"ఏడికి?"

"ఇడువు అవ్వా."

"ఇడువ. నువ్వు కొట్టుకపోతే ముసల్దాన్ని ఎవ్వలు సూస్తరు? నీ మొగడా? ఫోన్ల?"

"ఆమె వానల ఉన్నది అవ్వా! ఏ తొవ్వ వట్టిందో కూడా తెల్వది!"

"వానల నువ్వు కూడ ఉంటే ఆమెకు ఎండ అస్తదా?" ఎంకవ్వ ఆమెను లోపలికి లాగి గంప పక్కన కూర్చోబెట్టింది. చెయ్యి మాత్రం వదలలేదు.

పైకప్పు మీద వాన రాళ్లు పోసినట్టు మోగుతోంది. రమ ఫోన్లో నల్లటి చతురస్రాన్ని చూస్తూ కూర్చుంది. ఆ నలుపులో ఆమెకు ఎన్నో కనిపించాయి. బస్టాండు ముందు మోరీ, పైన బండలేని చోటు. నాగిరెడ్డిపేట రోడ్డు మలుపు, అక్కడ లారీలు ఆగవు. చెప్పులు లేని రెండు పాదాలు. తాళం వేసి ఉంటే గేటు చువ్వలకు కమిలిన అరచేతులు ఉండేవి, అంతే కదా. కమిలిన చేతులు మానుతాయి కదా. ఈ మాట ఆమె తనలో తాను అనుకుంటూనే ఉంది.

వాన కొంచెం తెరిపి ఇచ్చింది. కానిస్టేబులు కర్రతో నీళ్లు కొలుస్తూ కల్వర్టు మీద అటు దాకా నడిచి, వెనక్కి వచ్చాడు. చెయ్యి ఊపాడు. రాజ్‌కుమార్ సిలువను ఒకసారి ముట్టుకుని బస్సును నడక వేగంతో నీళ్లలోకి దించాడు. చక్రాల కింద రోడ్డు ఉందో లేదో తెలియని ఆ కాసేపు అందరి చేతులూ ముందు సీటు కమ్మీల మీదే ఉన్నాయి. అవతలి తారు రోడ్డు తగిలాక ఎవరో పెద్దగా దగ్గారు. అప్పుడు గాని ఎంకవ్వ ఆమె చెయ్యి వదల్లేదు.

ఎల్లారెడ్డి బస్టాండులో బస్సు పూర్తిగా ఆగకముందే రమ దిగింది. "పో చెల్లె, ఇగ ఈ పూట బండ్లు నడువయి. కంట్రోలర్‌కు నేను చెప్త," అన్న రాజ్‌కుమార్ మాట వెనక వినిపించింది. గల్లీలో నీళ్లు పాదాల మీదికి ఉన్నాయి. చెప్పులు ఎక్కడో జారాయి. మలుపు తిరిగింది.

గేటు తెరిచి ఉంది.

స్తంభానికి ఆనుకుని ఒక నల్లటి గుట్ట ఉంది. మొదట అది ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. గొంగడి. మామ బతికున్నప్పుడు వాడిన పాత గొర్రెబొచ్చు గొంగడి. దాన్ని స్తంభం మీదుగా, తన తల మీదుగా కప్పుకుని, రెండు చేతులతో బెల్లును పొదివి పట్టుకుని గౌరవ్వ నిలబడి ఉంది. బిడ్డను చంకలో దాచుకున్న తల్లిలా. గొంగడి అంచుల నుంచి నీళ్లు ధారలుగా పడుతున్నాయి.

"అత్తమ్మా!"

గౌరవ్వ తల తిప్పింది. పెదవులు నీలంగా ఉన్నాయి. పళ్లు కొట్టుకుంటున్నాయి. "అచ్చినవా బిడ్డా? జర సూడు, నీ కంట్ల నీళ్లు పోతున్నయి. రెప్ప లేదాయె. నేనే మూసి వట్టుకున్న."

రమకు ముందు కోపం వచ్చింది. "ఎంతసేపటి సంది నిలవడ్డవు గిట్ల? పానం పోతే? నేను మొత్తుకుంటే ఇనవడలేదా?" అని అరుస్తూనే ఆ వేళ్లను ఒక్కొక్కటే బెల్లు మీద నుంచి విడదీసింది. చలికి అవి కొయ్యబారి ఉన్నాయి. విడిపోయిన వేళ్లు ఆమె చేతిని పట్టుకున్నాయి. అంతటితో అరుపు ఆగిపోయింది.

లోపలికి తీసుకుపోయి చీర మార్చింది. తల తుడిచింది. పొయ్యి మీద నీళ్లు కాచి కాళ్లు అందులో పెట్టించింది. వేడి ఛాయ్ గ్లాసు రెండు చేతుల మధ్య పెట్టింది. వణుకు తగ్గే దాకా పక్కనే కూర్చుంది. తగ్గాక గౌరవ్వ అడిగింది, "భూపాలు బడికెళ్లి అచ్చిండా?"

"వస్తడు అత్తమ్మా."

వాన వెలిసింది. రమ స్క్రూడ్రైవరు, కూరగాయల కత్తి తీసుకుని గేటు దగ్గరికి వెళ్లింది. తాను నున్నగా దిద్దిన కింది గమ్మును కత్తితో చీల్చింది. చీల్చిన చోటు నుంచి నీళ్లు కారాయి. వాన నీళ్లు కావు, మట్టి నీళ్లు కావు. పచ్చటి పసుపు నీళ్లు. మరలు విప్పి బెల్లును బయటికి లాగితే, దాని వెనక గుంటలో ఒక వేపాకు అతుక్కుని ఉంది.

రమ తల ఎత్తి చూసింది. స్తంభం నెత్తిన దీపం పెడదామని భూపాల్ ఒక పైపు వదిలాడు. దీపం పెట్టలేదు. పైపు నోట్లో కుక్కిన గుడ్డ ఎప్పుడో కుళ్లిపోయింది. ఆ పైపులోంచే వైరు బెల్లు వెనకకు దిగుతుంది. తాను ముందు వైపంతా మూసి కూర్చుంటే, నీళ్లు నెత్తి మీద నుంచి వైరు పట్టుకుని నేరుగా దిగాయి. దిగినవాటికి కింద దారి లేదు. దారి మూసింది తానే.

కానీ పసుపు?

"అత్తమ్మా, గీ స్తంభం మీద నీళ్లేమన్న పోస్తున్నవా?"

గౌరవ్వ వరండాలోంచి ఆశ్చర్యంగా చూసింది, ఇది కూడా అడగాలా అన్నట్టు. "పొయ్యనా మరి? గా కన్ను తల్లికి సాక పొయ్యాలె గదనే. చెంబుల ఇంత పసుపు, నాలుగు వేపాకులు. నువ్వు బస్సెక్కి పోయినంక పోస్త. తల్లీ, మా పిల్ల తొవ్వ సల్లగ సూడు అని మొక్కుత." కాసేపు ఆగి, "గేటు దాటద్దన్నవు గద నువ్వు. లోపల్నే నిలవడి పోస్త," అంది.

అన్నం తిన్నది మరిచిన మనిషి, ఊరు మరిచిన మనిషి, గేటు దాటవద్దన్న మాటను గుర్తుపెట్టుకుంది. లోపలే నిలబడి, చెయ్యి చాచి, స్తంభం నెత్తిన పోసింది. అందుకే సాక పోస్తూ ఆమె కెమెరాకు ఎప్పుడూ కనిపించలేదు. వానలు మొదలయ్యాక ఆమె గేటు దాటింది ఈ రోజే. ఆ కన్నును మూయడానికే.

రమ తడి గేటును రెండు చేతులా పట్టుకుంది.

భూపాల్ ఫోన్ చేశాడు. రమ జరిగింది చెప్పింది. "అయినా తాళం..." అన్నాడు.

"తాళమేస్తే అత్తమ్మ గేటు దాటదు, నిజమే," అంది రమ. "నేను ఇంటికొచ్చేసరికి ఆమెల అత్తమ్మ మిగలదు. సూసినవు గద అప్పుడు ఆ చేతులు. ఒక పని చెయ్యి. బస్సు నిండ మంది ఉన్నప్పుడు నేను ఫోను సూడలేను. అప్పుడు నువ్వు సూడు."

"నాకు డ్యూటీ ఉంటది రమా."

"నీదేం డ్యూటీ? గేటు సూసుడే గదా. గా గేటు తోటి గీ గేటు కూడ సూడు."

అతను నవ్వినట్టు వినిపించింది. "సరే, పొద్దుగాల నేను సూస్త," అన్నాడు.

వాగు తగ్గాక దేవరాజ్ వచ్చి బెల్లును ఆరబెట్టి చూశాడు. బొమ్మ బతికింది, గొంతు పోయింది. ఇక అందులోంచి మాట పోదు. "కింద మూసినవా అక్కా! చెప్పిన గద," అన్నాడు. చీమల సంగతి చెబితే, "చీమలకు పసుపు నీళ్లు పోసే అవ్వ ఉన్నది గద ఇంట్ల," అని నవ్వాడు. స్తంభం నెత్తిన పైపు నోరు సిమెంటుతో మూశాడు. వైరును కిందికి ఒక వంపు తిప్పి, ఆ వంపు దగ్గరే చుక్క రాలిపోయేలా చేసి, పైకి బెల్లులోకి ఎక్కించాడు. పైన, పక్కల కొత్త గమ్ము పెట్టాడు, కింద వదిలాడు. బెల్లు మీద ముందుకు వంగిన చిన్న రేకు చూరు బిగించాడు. గౌరవ్వ దగ్గరికి వచ్చి ఆ రేకును వేలితో తడిమింది.

"గిప్పుడైంది," అంది.

సాక ఎక్కడ పోయాలో కూడా రమ చూపించింది. గేటు లోపల, బండ మీద, ఇక్కడ అని. గౌరవ్వ తల ఊపింది. మరునాడే మరిచిపోయింది.

తాళం ఇప్పుడు కోళ్ల గూటికి ఉంది.

వానలు వెనకబట్టాక ఒక ఉదయం బస్సు తాడ్వాయి దగ్గర ఆగినప్పుడు రమ ఫోను తెరిచింది. గేటు ముందు రోడ్డు పొడిగా ఉంది. నర్సవ్వ మేక ఎండలో నిలబడి ఉంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. చూస్తుండగానే బొమ్మ పై అంచున, రేకు చూరు నుంచి ఒక చుక్క జారింది. దాని వెనక ఇంకొకటి. ఎండ తగిలి పసుపుపచ్చగా మెరుస్తూ, వరసగా, రోడ్డు మీదికి రాలాయి.

రమ ఫోను సంచిలో పెట్టుకుని విజిల్ ఊదింది. రాజ్‌కుమార్ బస్సు కదిలించాడు.